నల్లంచు కార్డు

మా ఆయనకు పేకాట లేదు, బీడీ లేదు, సాయంత్రం పూట అంగడి అరుగు మీద కూర్చుని ఊరి సంగతులు నమిలే అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా కార్డుల పిచ్చి. పేరు నాగసుబ్బయ్య. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు గానీ కాగితం మీద రాస్తే తప్పు లేదనుకుంటాను. కోమటింట్లో పుట్టి, అంగట్లో కూర్చోమంటే కూర్చోకుండా, మా ఊరి బోర్డు స్కూల్లో భూగోళం చెప్పే ఐవారు అయ్యారు. మా ఊరు కోయిలకుంట్లకు ఆరు మైళ్ళు. ఆ ఆరు మైళ్ళు దాటి ఆయన పోయింది తక్కువ. కార్డులు మాత్రం ఏడు సముద్రాలు దాటి పోయేవి.

మద్రాసు నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో దేశదేశాల వాళ్ళ చిరునామాలు పడేవి. కార్డులు రాసుకుని స్నేహం చేసుకోవాలనే సరదా ఉన్నవాళ్ళు ఆ చిరునామాలకు రాయవచ్చు. ఈయన రాశారు. జపాను నుంచి ఒకామె, హాలండు నుంచి ఒక పిల్లవాడు, ఈజిప్టు నుంచి ఒక డాక్టరు జవాబులు పంపారు. వాళ్ళు వాళ్ళ ఊళ్ళ బొమ్మలున్న కార్డులు పంపితే, ఈయన మహానందికి పోయినప్పుడు కొనుక్కొచ్చిన కోనేటి ఫోటో కార్డులు పంపేవారు. మహానందిలో ఆ కార్డులు అమ్మేవాడు ఈయన్ను చూసి, ఎవరో కొత్త అంగడి పెడుతున్నాడనుకున్నాడట.

అందరికంటే ఎక్కువ రాసింది చెకోస్లొవేకియా ముసలాయన. పేరు యారోస్లావ్. రైల్లో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి. వచ్చీరాని ఇంగ్లీషులో రాసేవాడు. మా ఆయన కార్డును అరుగు మీద కూర్చుని చదివి, నాకూ మా అత్తకూ తెలుగులో చెప్పేవారు. మంచు పడిందని, కాలు నొప్పి అని, మనవరాలికి పళ్ళు వచ్చాయని రాసేవాడు. మా అత్త సుబ్బరత్నమ్మకు ఆ మనవరాలి సంగతులంటే ఇష్టం. నాకు మాత్రం ఈ సంబరమంతా చాదస్తంగానే కనిపించేది. ఇంట్లో ఉప్పు నిండుకుంటే పట్టని మనిషికి ఎక్కడో ఎవరి కాలో నొప్పి పెడితే దిగులు.

అది యాభై ఐదో సంవత్సరం. ఆంధ్ర రాష్ట్రానికి ఎలక్షన్లు మూడు వారాల్లో ఉన్నాయి. కమ్యూనిస్టులు గెలుస్తారని కొందరూ, గెలిస్తే కొంపలు కూలుతాయని కొందరూ, గోడల నిండా బొమ్మలూ రాతలూ. మా ఆయనకు ఈ రెండు పక్షాల్లో ఎవరూ పట్టరు. కానీ ముసలాయన దేశంలోనూ కమ్యూనిస్టులదే రాజ్యమట, నాకు భయం ముందునుంచీ ఉంది. దానికి కారణం మా వెంకటరమణయ్య మామ. ఆయనది చిల్లర కొట్టు. అంతకు ఆరేళ్ళ ముందు, పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు తూకానికి కొంటే, ఆ కాగితాల్లో ఎవరిదో కమ్యూనిస్టు పుస్తకం ఒకటి దొరికింది. ఎక్కడి పోలీసులో వచ్చి తీసుకుపోయారు. ఎనిమిది నెలలకు తిరిగొచ్చాడు. కుడి చేత్తో తక్కెడ ఎత్తలేకపోయేవాడు. ఏమి చేశారని ఎవరడిగినా చెప్పలేదు. ఖాకీ బట్ట చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడకపోవడం అప్పటినుంచే.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన బడిలో ఉన్నారు. నేను అరుగు మీద కందులు చెరుగుతున్నాను. తపాలా జవాను ఉరుకుందు వచ్చి రోజూ మాదిరి నవ్వలేదు. కార్డును రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని నిలబడ్డాడు.

"యమ్మా, ఇది ఐవారి ముసలాయన ఊరి నుంచే వచ్చిండాది. ఆ ముద్ర నాకు తెలుసు. కానీ చూడు ఎట్లుండాదో" అన్నాడు.

కార్డు చుట్టూ వేలెడు వెడల్పున నల్లంచు. మధ్యలో అచ్చు అక్షరాలు. బొమ్మ లేదు. నేను చేతిలోకి తీసుకున్నాను. లోపలి నుంచి మా అత్త చూసి కేక పెట్టింది.

"గడప దాటించొద్దు మే! చావు కార్డు అది! చించెయ్, ఆడనే చించెయ్!"

మాలో పెళ్ళి కార్డుకు మూలలకు పసుపు పూస్తారు. చావు కబురు కార్డుకు నల్ల మసి పూస్తారు. దాన్ని వీధిలోనే నిలబడి చదివి, అక్కడే చించి పారేసి, తల మీద నీళ్ళు పోసుకుని ఇంట్లోకి రావాలి. చావు కబురును గూట్లో దాచిపెట్టుకునే ఇల్లు నేను చూడలేదు. నేను ఆలోచించలేదు. కార్డు మందంగా ఉంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించి నాలుగు ముక్కలు సందు చివర దిబ్బ మీద విసిరేశాను. కట్టుబట్టలతోనే రెండు బిందెలు తల మీద కుమ్మరించుకున్నాను. అత్త కూడా పోసుకుంది.

సాయంత్రం ఆయన వచ్చాక చెప్పాను. మనిషి నిలువునా కూలబడ్డారు.

"చదివేదాకా ఆగలేకపోయినావా? ఎవరిదో, ఏమిటో నేను చూడాల గదా?"

"చావు కార్డు ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా?" అన్నాను.

"చావని నీకెవరు చెప్పినారు? వాండ్లకు మన మాదిరి మసి పూసే ఆచారముంటుందా? అందం కోసం అట్ల అచ్చేసింటారు. ఏదో పండగ కార్డయింటుంది" అన్నారు. అని నా మొహం చూడకుండా, "ఆయన బాగానే ఉంటాడు" అని తనకు తానే చెప్పుకున్నారు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాకూ కోపం వచ్చి నేనూ మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున పోలీసు హెడ్డు సోమన్న వచ్చాడు. స్టేషను కోయిలకుంట్లలో, ఆయన కాపురం మా ఊళ్ళో. ఆయన కొడుకు మా ఆయన దగ్గరే చదువుతున్నాడు. ఆ మొహమాటంతో గడప బయటే నిలబడ్డాడు.

"ఐవారూ, తప్పుగా అనుకోవద్దు. ఆకాశరామన్న అర్జీ ఒకటి పోయిండాది. మీకు రష్యా నుంచి కార్డులొస్తాండాయని, ఎలక్షన్లకు మీరు ఈడ పని చేస్తాండారని రాసినారు. ఉన్న కార్డులన్నీ ఇయ్యమంటాండారు."

"రష్యా యాడుంది సోమన్నా? నాకు రష్యాలో ఒక్కరూ తెలీదు" అన్నారు మా ఆయన. గూట్లోంచి రేకు డబ్బా తెచ్చి ఇచ్చారు.

సోమన్న అరుగు మీదే కార్డులు పేర్చుకున్నాడు. జేబులోంచి ఒక చీటీ తీశాడు. "ముసలాయన ఊరి నుంచి పన్నెండు వచ్చినాయని పోస్టాఫీసులో రాసిచ్చినారు. ఈడ పదకొండే ఉండాయి. మొన్న సోమవారం వచ్చింది యాడ?"

"చించేసినా" అన్నాను తలుపు వెనక నుంచి.

సోమన్న నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూశాడు. "అదే ఎందుకు చించినారు ఐవారూ? పదకొండు దాచి, అదొకటే ఎందుకు చించినారు?" అన్నాడు. ఆ గొంతులో మా ఆయన దగ్గర చదివే పిల్లోడి తండ్రి లేడు. పోలీసు ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు ముసాఫరు బంగళాలో దిగి ఉన్నాడు. ఇద్దరినీ రమ్మన్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను ఆయన పక్కన వీధిలో నడిచింది గుడికి తప్ప ఇదే. దారిలో తలుపులు ఒక్కొక్కటే ఓరగా తెరుచుకున్నాయి. చెవులు కొరుక్కోవడం వినపడుతూనే ఉంది. నాకు మామ చెయ్యే కళ్ళ ముందు ఆడుతోంది.

ఇన్‌స్పెక్టరు వయసు మళ్ళినవాడు. కేకలు వెయ్యలేదు. దానికి ఇంకా భయం వేసింది.

"నువ్వేనా చించింది? చదువొచ్చునా?"

"తెలుగొచ్చు."

"ఆ కార్డు తెలుగు కాదు. చావని ఎట్ల తెలిసింది?"

"చుట్టూ నల్లగా ఉండింది స్వామీ. అట్లాంటిది లోపలికి తీసుకుపోం."

"మా ఇంట్లో కూడా చించుతారు తల్లీ. నాకు తెలీక కాదు" అన్నాడాయన. "కానీ వాండ్ల దేశంలో నల్లంచంటే చావేనని నీకెవరు చెప్పినారు? అది గుర్తు కావచ్చు. ఫలానా రోజు ఫలానా పని చెయ్యమని కావచ్చు. చదివినాక చించెయ్యమని మాట ఉండచ్చు. పైవాళ్ళు నన్నడిగితే నేనేం రాయాల? మా ఇంట్లో కూడా చించుతారు అని రాయాలా?"

నేను ఏ మాట చెప్పినా అది మా ఆయన మెడకే చుట్టుకునేట్టుంది.

"ముక్కలుంటే తీసుకురా. సాయంత్రం దాకా టైమిస్తా" అన్నాడు.

ఇంటికి కూడా పోకుండా నేరుగా దిబ్బ మీదికి పోయాను. మా అత్త సందు మొదట్లో నిలబడి నెత్తి కొట్టుకుంది. "చించి పారేసిన చావును మళ్ళీ చేత్తో ఎత్తుకుంటారా? ముత్తైదువ్వి మే నువ్వు!" అని ఏడ్చింది. నాకు మాత్రం భయం లేదా? ఆ ముక్క ముట్టుకుంటే ఏ కీడు ఎవరి మీదికి వస్తుందో ఎవరు చూశారు? అయినా పేడా, బూడిదా, చింత తొక్కలూ పెళ్ళగిస్తూ రెండు గంటలు వెతికాను. మూడు ముక్కలు దొరికాయి. నాలుగోది లేదు. పక్కింటి మేక అక్కడే నిలబడి నెమరు వేస్తోంది. దాని గొంతు పట్టుకుని అడగాలనిపించింది.

అత్త గడప దాటనివ్వలేదు. వీధిలోనే బండ మీద కూర్చుని, నోటుబుక్కు కాగితానికి గంజి పూసి మూడు ముక్కలూ అతికించాను. మా ఆయన వంగి చూశారు. పెద్ద అక్షరాల పేరు ఉండే చోటే పోయింది. రెండు అక్షరాలు మిగిలాయి గానీ అవి ఎవరి పేరుకైనా సరిపోతాయి. కింద ఏవో తేదీలున్నాయి.

ఇన్‌స్పెక్టరు వేలితో ఆ తేదీలు చూపించాడు. "ఇవి మీటింగు తేదీలు కావచ్చు గదా" అన్నాడు మా ఆయనతో. "కర్నూలుకు పంపిస్తా. ఆడ చదివేవాడు లేకుంటే మద్రాసుకు పోతాది. కబురొచ్చేదాకా బడికి పోవద్దు, ఊరు దాటొద్దు. చావు కార్డయితే నీకేమీ లేదు. కాకుంటే నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ మాట పట్టుకునే నేను పదిహేడు రోజులు బతికాను.

ఆ పదిహేడు రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. నీళ్ళకు పోతే బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని పక్కకు జరిగేవాళ్ళు. అంగట్లో చింతపండు అడిగితే పొట్లం నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టారు. ఉరుకుందు మా వీధి రాకుండా వెనక సందులో పోయేవాడు. జీపు చప్పుడైతే అన్నం కలిపిన చెయ్యి అట్లాగే ఆగిపోయేది. ఎలక్షను జీపులు రోజుకు పది వచ్చేవి. ప్రతి దానికీ ఆయన లేచి చొక్కా తొడుక్కునేవారు. ఎందుకని అడిగితే, "బనీను మీద తీసుకుపోతే బాగుండదు" అన్నారు. ఆ మాటకు నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

రోజూ దీపాల వేళ ఆయన దేవుడి ముందు కూర్చునేవారు. అంతకు ముందు పిలిస్తే గానీ వచ్చేవారు కాదు. నాలుగో రోజో ఐదో రోజో ఆయన పెదాలు కదలడం చూసి అడిగాను, ఏమి మొక్కుకుంటున్నారని.

"ఆ ముసలాయన బతికుండాలని" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన బతికుంటే మిమ్మల్ని తీసుకుపోతారు. తెలుస్తాందా మీకు?"

"తెలుసు. అయితే ఏం చెయ్యాల? నాలుగేండ్లుగా రాస్తాండాడు. ఆయన చావాలని మొక్కుకోమంటావా?"

నేను అప్పటికే మొక్కుకున్నాను. అమ్మవారి శాలలో కన్యక తల్లికి నూటెనిమిది నిమ్మకాయల దండ వేస్తానని, ఆ కార్డు చావు కార్డే కావాలని, పండగ కార్డు కాకూడదని, ఆ ముసలాయన పోయి ఉండాలని మాటకు మాట విడమరిచి మొక్కుకున్నాను. తల్లికి పొరపాటుగా అర్థం కాకూడదని పేరు కూడా చెప్పాను. ఆ రోజు నుంచి ఒకే దీపం ముందు ఆయన ఒక పక్క, నేనొక పక్క. ఆయన ఆ మనిషిని బతికించమని, నేను చంపమని. మామ చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా నా మొక్కు ఇంకా గట్టిపడేది. మనవరాలి పళ్ళు గుర్తొస్తే గబగబా వేరే ఏదో తలుచుకునేదాన్ని.

ఎలక్షన్లు అయిపోయిన మూడో రోజు సోమన్న వచ్చాడు. ఈసారి నవ్వుతూ వచ్చాడు. ఆయన్ను బంగళాకు తీసుకుపోయాడు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. గంట తర్వాత సందు మలుపులో ఆయన ఒక్కరే కనిపించారు. పక్కన ఎవరూ లేరు. చేతిలో కార్డుల డబ్బా ఉంది.

"ఏమైంది?" అని అరిచాను.

"చావు కార్డే" అన్నారు. "మద్రాసులో ఎవరో చదివి రాసి పంపినారు. రైలు గార్డని అందులో ఉందంట, ఆయనే. సంక్రాంతికి ముందే పోయినాడు. ఆ తేదీలు పోయిందీ, పూడ్చిందీ. వాండ్లకు కూడా నల్లంచు చావుకే అంట."

"బతికినాం అత్తా! బతికినాం!" అని నేను వీధిలోనే కేక పెట్టాను. మా అత్త పరుగున వచ్చి, "ఎవరు బతికినారు మే?" అంది. ఆయన అరుగు మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నారు. నేను నవ్వుతున్నాను. నా నోరు మూసుకుందామన్నా మూతపడలేదు.

మొక్కు తీర్చుకున్నాను. పూజారి దండ అందుకుని, "ఏం మొక్కు తల్లీ?" అని అడిగాడు. "మా ఇంటాయన ఉద్యోగం నిలబడింది స్వామీ" అన్నాను. ఆయన గోత్రం చెప్పించి పూజ చేసి, అందరూ చల్లగా ఉండాలని అక్షింతలు వేశాడు. నిమ్మకాయలు తల్లి మెడలో పచ్చగా మెరుస్తున్నాయి. కళ్ళెత్తి మొహం చూడలేకపోయాను.

ఆ వారమే మా ఆయన ముసలాయన భార్యకు కార్డు రాశారు. రాసి నాకు తెలుగులో చదివి వినిపించారు. అందులో ఇట్లా ఉంది: మీ కార్డు అందిన రోజు నేను ఇంట్లో లేను. మీ భాష చదవడం రాకున్నా, నా భార్య సుందరలక్ష్మి దాన్ని చూసిన వెంటనే మా ఆచారం ప్రకారం సొంత బంధువు పోయినట్టు తల మీద నీళ్ళు పోసుకుంది.

"ఇది రాయొద్దు" అన్నాను.

"ఎందుకు? నిజమే గదా?"

నిజమే. అదే నా ప్రాణానికి వచ్చింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్తే ఈ మనిషి నాతో జన్మలో మాట్లాడడని భయం వేసింది. కార్డు పోయింది.

ఎండాకాలం సెలవుల్లో జవాబు వచ్చింది. ఉరుకుందు సందు మొదట్నుంచే, "పూల బొమ్మ యమ్మా, మంచిదే!" అని అరుచుకుంటూ వచ్చాడు. మా ఆయన అరుగు మీద కూర్చుని చదివారు.

"ఆమెకు ఇంగ్లీషు రాదంట. వాండ్ల చర్చి ఫాదరు చేత రాయించింది. విను. మీ కార్డు చూసి ఏడ్చినాను. ఇంత దూరంలో, ఆయన్ను ఎప్పుడూ చూడని ఒక ఆడమనిషి ఆయన కోసం స్నానం చేసిందంటే నమ్మలేకపోయినాను. ప్రతి ఆదివారం చర్చిలో నా పిల్లల పేర్లతో పాటు ఆమె పేరు కూడా చెప్పి, ఆమె మొగుడు నిండు నూరేండ్లు ఉండాలని దేవుణ్ణి అడుగుతాండా."

మా అత్త కళ్ళు ఒత్తుకుంది. ఆయన తలెత్తి, "ఇంకోసారి చదవమంటావా?" అన్నారు.

వద్దన్నాను. కందులు చెరగాలని లేచి లోపలికి పోయాను. ఆయన చావుకూ నా మొక్కుకూ సంబంధం లేదని నాకు తెలుసు. నేను మొక్కుకునే నాటికే ఆయన మట్టిలో ఉన్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ లెక్క నాకు ధైర్యం ఇవ్వలేదు. బతికున్నాడేమోనన్న అనుమానంతోనే కదా చావాలని అడిగాను.

మా ఆయన పోలీసుల నుంచి బయటపడి చాలా ఏళ్ళయింది. ఆయనకు ఇప్పటికీ ఏమీ చెప్పలేదు. ఆదివారం వస్తే మాత్రం నాకు పొద్దున్నుంచీ భయమే.